పాత కారుకు కొత్త బ్రేకులు: పెడల్ ఎందుకు కిందికి దిగుతుంది?

దశాబ్దాల నాటి అంబాసిడర్ కారు. ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు తీసి, మరో కారు నుంచి తెచ్చిన డిస్క్ బ్రేకులు అమర్చారు. క్యాలిపర్లు కొత్తవి, పైపులు కొత్తవి, బ్రేక్ ఆయిల్ కూడా కొత్తదే. గాలి మూడుసార్లు తీశారు. అయినా మొదటిసారి నొక్కినప్పుడు పెడల్ దాదాపు ఫ్లోరు దాకా దిగిపోతుంది. వెంటనే రెండోసారి నొక్కితేనే కారు ఆగుతుంది. పాత కార్లను పునరుద్ధరించే గ్యారేజీలకు ఈ ఫిర్యాదు చిరపరిచితమే.

అనేక సందర్భాల్లో యజమానులు దీనికి అలవాటు పడిపోతారు. ‘రెండుసార్లు కొడితే పడుతుంది’ అని తాళంచెవితో పాటే ఒక మాట చెప్పి కారు అప్పగిస్తారు. అయితే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. కాలు ఎత్తి మళ్లీ నొక్కడానికి అర సెకను పట్టినా, బ్రేకు పడకుండానే కారు 8 మీటర్లు దాటిపోతుంది. రోడ్డుకు అడ్డంగా ఎవరైనా వచ్చినప్పుడు ప్రాణాన్ని కాపాడేది ఆ 8 మీటర్లే.

కిందికి దిగే పెడల్ ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక కారణాలు కనీసం అరడజను ఉంటాయి. వాటిని వరుసగా పరీక్షించకుండా మాస్టర్ సిలిండర్ మార్చడం, మళ్లీ మళ్లీ గాలి తీయడం వల్ల డబ్బు ఖర్చవుతుందే తప్ప సమస్య తీరదు.

పెడల్ కింద జరిగేది ఏమిటి?

హైడ్రాలిక్ బ్రేకు పనిచేసేది 17వ శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ వివరించిన సూత్రంపై. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. పెడల్ నొక్కగానే పుష్‌రాడ్ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ పిస్టన్ నెట్టిన ఆయిల్ చక్రాల వద్ద ఉన్న పిస్టన్లను కదిలించి, డ్రమ్‌కు షూలను, డిస్క్‌కు ప్యాడ్లను ఆనిస్తుంది.

ఇక్కడ రెండు దశలున్నాయి. మొదటి దశలో ఆయిల్ కేవలం ఖాళీని పూరిస్తుంది. షూలకూ డ్రమ్‌కూ మధ్య, ప్యాడ్లకూ డిస్క్‌కూ మధ్య ఉన్న సందు పూడేవరకు ఒత్తిడి పుట్టదు. అవి ఆనిన తరువాతే రెండో దశ మొదలవుతుంది; అప్పుడు పెడల్ గట్టిపడి కారు ఆగుతుంది. పెడల్ కిందికి దిగుతోందంటే మొదటి దశలోనే ఎక్కువ ఆయిల్ ఖర్చవుతోందని లేదా పెడల్ కదలిక ఆయిల్‌ను నెట్టకుండానే వృథా అవుతోందని అర్థం. ఆ ఖర్చు ఎక్కడ జరుగుతోందో కనిపెట్టడమే రోగ నిర్ధారణ.

మార్పుతో మారే లెక్క

కర్మాగారం నుంచి వచ్చిన కారులో మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, పెడల్ పొడవు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా రూపొందించి ఉంటాయి. వాటిలో ఒక్కటి మార్చినా ఆ లెక్క మారుతుంది. ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది.

మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 19 మి.మీ., దాని పిస్టన్ మొత్తం కదలిక 30 మి.మీ. అనుకుందాం. పెడల్ 5 మి.మీ. దిగితే పిస్టన్ 1 మి.మీ. కదులుతుంది. అంటే పెడల్ మొత్తం ప్రయాణం 150 మి.మీ. ముందు చక్రాలకు 48 మి.మీ. వ్యాసం గల పిస్టన్ ఒక్కొక్కటి ఉన్న క్యాలిపర్లు అమర్చారు. ఏదో కారణం వల్ల ఆ రెండు పిస్టన్లూ ఉండవలసిన చోటు కంటే అర మిల్లీమీటరు వెనక్కి పోయాయి. ఆ ఖాళీని పూరించడానికి సుమారు 1,800 ఘన మిల్లీమీటర్ల ఆయిల్ కావాలి. దానికోసం మాస్టర్ సిలిండర్ పిస్టన్ 6 మి.మీ.కు పైగా కదలాలి. పెడల్ వద్ద అది 32 మి.మీ. అవుతుంది.

వెనుక చక్రాలకు పాత డ్రమ్ములే ఉన్నాయి. వాటి వీల్ సిలిండర్ల వ్యాసం కూడా 19 మి.మీ. అనుకుంటే, ఒక్కో వీల్ సిలిండర్ పిస్టన్ షూను డ్రమ్‌కు ఆనించడానికి 2 మి.మీ. కదలవలసి వచ్చినా పెడల్ మరో 40 మి.మీ. దిగుతుంది. రెండూ కలిపితే 72 మి.మీ. బ్రేకు ఇంకా పడలేదు, పెడల్ మాత్రం సగం ప్రయాణం ముగించింది. వ్యవస్థలో ఒక్క గాలి బుడగ కూడా లేకపోయినా ఇలా జరుగుతుంది. అందుకే ఎన్నిసార్లు గాలి తీసినా ఫలితం కనిపించదు.

పెడల్ స్పర్శే మొదటి ఆధారం

పనిముట్లు చేతపట్టే ముందు ఇంజన్ ఆపి, కారు కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టి, పెడల్‌ను కాలితో పరీక్షించాలి. బూస్టర్ అమర్చిన కారులో ముందుగా నాలుగైదు సార్లు నొక్కి అందులోని వాక్యూమ్‌ను ఖాళీ చేయాలి.

వెంటవెంటనే రెండు మూడుసార్లు నొక్కితే పెడల్ పైకి వచ్చి రాయిలా గట్టిగా నిలిస్తే, గాలి కాకుండా సందులు ఎక్కువ కావడమే కారణమై ఉంటుంది. మొదటి నొక్కులో వెళ్లిన ఆయిల్ పూర్తిగా వెనక్కి రాకముందే రెండో నొక్కు పడటంతో ఖాళీ పూడుతుంది. కాసేపు వదిలి మళ్లీ నొక్కితే పెడల్ యథాప్రకారం దిగిపోతుంది.

నొక్కినకొద్దీ పైకి వచ్చినా, కాలి కింద స్పాంజిలా మెత్తగా ఒదిగితే లోపల గాలి ఉన్నట్లు అనుమానించాలి. ఆయిల్ ఒత్తిడికి కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. ఉబ్బే పాత రబ్బరు హోస్ పైపులు, ఒత్తిడికి వంగే క్యాలిపర్ బ్రాకెట్ కూడా ఇదే అనుభూతిని ఇస్తాయి. అందువల్ల ఒకరు పెడల్ నొక్కుతుండగా మరొకరు పైపులను, బ్రాకెట్లను గమనించాలి.

మూడో రకం అత్యంత ప్రమాదకరమైనది. కాలిని ఒకే బలంతో నొక్కి ఉంచినప్పుడు పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతుంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోందని అర్థం. బయట తడి కనిపిస్తే పైపు జాయింటో వీల్ సిలిండరో కారుతోంది. రిజర్వాయర్‌లో ఆయిల్ తగ్గకుండానే పెడల్ జారుతుంటే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు దాటి ఆయిల్ వెనక్కి పోతోంది. ఈ లక్షణం ఉన్న కారును మరమ్మతు జరిగేవరకు నడపరాదు.

ముందుగా చూడవలసింది వెనుక చక్రాలు

కొత్త భాగాలు ముందు చక్రాలకు అమర్చారు కాబట్టి అందరి దృష్టీ అక్కడే ఉంటుంది. తరచుగా లోపం మాత్రం ఎవరూ ముట్టుకోని వెనుక డ్రమ్ములలో ఉంటుంది. డిస్క్ ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్లు వాటంతట అవే ముందుకు జరుగుతాయి. పాత కార్ల డ్రమ్ములలో ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు. షూలు అరిగినప్పుడల్లా అడ్జస్టర్‌ను చేతితో తిప్పి సందు తగ్గించాలి. నెలల తరబడి గ్యారేజీలో నిలిచిన కారులో అడ్జస్టర్లు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండవచ్చు.

దీన్ని తెలుసుకునేందుకు పనిముట్లు అవసరం లేని పరీక్ష ఒకటుంది. హ్యాండ్‌బ్రేక్‌ను పూర్తిగా లాగి పెడల్ నొక్కాలి. పెడల్ స్పష్టంగా పైకి వస్తే వెనుక షూల సందు ఎక్కువగా ఉన్నట్లే. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ షూలను ముందే డ్రమ్ దగ్గరకు చేర్చడం వల్ల ఆయిల్ ఖర్చు తగ్గుతుంది.

సరిచేసే క్రమం కూడా ముఖ్యమే. మొదట హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను వదులు చేయాలి. చక్రాన్ని పైకెత్తి, చక్రం తిరగకుండా పట్టుకునేంత వరకు అడ్జస్టర్‌ను బిగించి, చక్రం మళ్లీ స్వేచ్ఛగా తిరిగేంత మేరకు కొద్దిగా వదలాలి. మధ్యలో ఒకసారి పెడల్ నొక్కితే షూలు డ్రమ్ మధ్యకు సర్దుకుంటాయి. చివరగా కేబుల్ బిగించాలి. ఈ క్రమాన్ని తిరగవేసి, షూల సందును కేబుల్ బిగింపుతో పూడిస్తే పెడల్ తాత్కాలికంగా బాగుపడినట్లు కనిపించినా అసలు లోపం అలాగే మిగులుతుంది.

ముందు చక్రాల వద్ద మూడు తప్పులు

డిస్క్ బ్రేకుల మార్పిడిలో తరచుగా జరిగే మొదటి తప్పు ఎడమ క్యాలిపర్‌ను కుడివైపు, కుడి క్యాలిపర్‌ను ఎడమవైపు అమర్చడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, బోల్టులూ సరిపోతాయి. కానీ గాలి తీసే నిపిల్ కిందివైపుకు వస్తుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కాబట్టి, కింద ఉన్న నిపిల్ నుంచి ఎంత ఆయిల్ వదిలినా పైన చిక్కుకున్న బుడగ బయటకు రాదు. నిపిల్ క్యాలిపర్‌లోని అత్యంత ఎత్తైన స్థానంలో ఉందో లేదో చూడటానికి ఒక నిమిషం చాలు.

రెండోది చక్రాల బేరింగుల వదులు. బేరింగు వదులుగా ఉంటే మలుపుల్లో డిస్క్ అటూ ఇటూ ఊగి ప్యాడ్లను, వాటి వెనుక పిస్టన్లను లోపలికి తోసేస్తుంది. నిలిపి ఉంచిన కారులో చక్కగా ఉన్న పెడల్, కొద్ది దూరం నడిపి నాలుగు మలుపులు తిరిగాక కిందికి దిగుతుంటే ఈ లోపాన్ని అనుమానించాలి. డ్రమ్ బ్రేకులున్నప్పుడు ఇంత వదులు ఉన్నా పెడల్‌లో తేడా కనిపించి ఉండకపోవచ్చు. డిస్క్ వచ్చాక అది బయటపడుతుంది.

మూడోది వంకరగా తిరిగే డిస్క్. పాత హబ్‌పై తుప్పును శుభ్రం చేయకుండా డిస్క్‌ను బిగించినా, హబ్ ముఖం సమంగా లేకపోయినా ఇలా జరుగుతుంది. డయల్ గేజ్ అమర్చి డిస్క్‌ను చేతితో తిప్పితే ఊగిసలాట ఎంతో తెలుస్తుంది. అది మిల్లీమీటరులో పదో వంతు దాటితే పెడల్ కొట్టుకోవడం, పిస్టన్లు వెనక్కి జరగడం మొదలవుతుంది.

లోపాన్ని ఒక మూలకు నెట్టడం

ఇవన్నీ సరిగా ఉన్నా పెడల్ దిగుతుంటే వ్యవస్థను భాగాలుగా విడదీసి పరీక్షించాలి. గుండ్రటి అంచులున్న హోస్ క్లాంపులతో మూడు రబ్బరు హోస్ పైపులనూ, అంటే ముందు రెండింటినీ వెనుక ఒకదానినీ మూసి పెడల్ నొక్కాలి. పెడల్ ఎత్తుగా, గట్టిగా నిలిస్తే మాస్టర్ సిలిండర్, ఇనుప పైపులు సవ్యంగా ఉన్నట్లే. తరువాత ఒక్కో క్లాంపును తీస్తూ పెడల్‌ను పరీక్షించాలి. ఏ క్లాంపు తీసినప్పుడు పెడల్ బాగా దిగుతుందో ఆ చక్రం వద్దే ఆయిల్ ఖర్చవుతోంది.

పగుళ్లు పట్టిన పాత హోస్ పైపులను, స్టీలు అల్లికతో ఉన్న పైపులను ఇలా నొక్కరాదు. అవి లోపల దెబ్బతింటాయి. అలాంటి కార్లలో మాస్టర్ సిలిండర్ నుంచి పైపులను విప్పి, ఆ రంధ్రాలను సరైన మరలున్న ప్లగ్గులతో మూసి, లోపలి గాలి తీసి పరీక్షించాలి. అప్పటికీ పెడల్ మెత్తగా ఉంటేనో, జారిపోతుంటేనో లోపం మాస్టర్ సిలిండర్‌లోనే ఉంది. ఈ నిర్ధారణ జరిగాకే దాన్ని మార్చడం సబబు.

పుష్‌రాడ్‌ను కూడా ఈ దశలోనే చూడాలి. బూస్టర్ లేదా వేరే మాస్టర్ సిలిండర్ అమర్చినప్పుడు పుష్‌రాడ్ పొట్టిగా మిగిలిపోతే, అది పిస్టన్‌ను తాకేలోపే పెడల్ చాలా దూరం దిగిపోతుంది. పుష్‌రాడ్ వద్ద 4 మి.మీ. అదనపు ఖాళీ ఉంటే పైన చెప్పిన లెక్క ప్రకారం పెడల్ వద్ద 20 మి.మీ. పోయినట్లే. అలాగని ఖాళీ లేకుండా పొడిగించడం మరింత ప్రమాదం. అప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోతుంది, బ్రేకులు క్రమంగా పట్టేసి వేడెక్కుతాయి. అందుకే స్వల్పమైన ఖాళీని తప్పనిసరిగా ఉంచాలి.

గాలి తీసేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ ఉన్న కారులో పెడల్‌ను ఫ్లోరు దాకా తొక్కరాదు. రోజువారీ వాడకంలో పిస్టన్ వెళ్లని లోతులో తుప్పు పేరుకుని ఉంటుంది. అక్కడిదాకా తోసిన రబ్బరు సీలు చిరిగిపోవచ్చు. పెడల్ కింద ఒక చెక్కముక్క పెడితే ఈ నష్టం తప్పుతుంది.

మాస్టర్ సిలిండర్ కింద, క్యాలిపర్ పైన

బ్రిటన్‌లో తయారైన మోరిస్ మైనర్ వంటి కార్లలో మాస్టర్ సిలిండర్ బానెట్ కింద ఉండదు. డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు దిగువన ఉంటుంది. ముందు చక్రాలకు డిస్కులు అమర్చినప్పుడు క్యాలిపర్లు దాని కంటే ఎత్తులో ఉంటాయి. కారు నిలిచి ఉన్నప్పుడు ఆయిల్ కిందికి జారి, పిస్టన్లు స్వల్పంగా వెనక్కి పోతాయి. ఉదయం మొదటిసారి నొక్కినప్పుడు పెడల్ దిగిపోవడానికి ఇదొక కారణం.

దీని నివారణకు పైపులో ఒక వాల్వు అమరుస్తారు. పెడల్ వదిలాక కూడా అది పైపులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. డిస్కులకు సాధారణంగా 2 పీఎస్ఐ, డ్రమ్ములకు 10 పీఎస్ఐ వాల్వులు వాడతారు. డ్రమ్ముల కోసం తయారైన కొన్ని పాత మాస్టర్ సిలిండర్లలో ఎక్కువ ఒత్తిడి నిలిపే వాల్వు లోపలే ఉంటుంది. దాన్ని తొలగించకుండా డిస్కులకు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ డిస్క్‌ను రాసుకుంటూ వేడెక్కుతాయి. పెడల్ నొక్కి వదిలిన వెంటనే చక్రం చేతితో స్వేచ్ఛగా తిరుగుతోందా అని చూస్తే ఈ లోపం తెలిసిపోతుంది.

పెద్ద సిలిండర్‌తో వచ్చే చిక్కు

పెడల్ దిగుతోందనగానే చాలామంది పెద్ద మాస్టర్ సిలిండర్ కోసం వెతుకుతారు. 19 మి.మీ. స్థానంలో 22 మి.మీ. సిలిండర్ పెడితే పెడల్ ప్రయాణం నిజంగానే దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. కానీ అదే కాలి బలానికి పుట్టే ఒత్తిడి కూడా దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. పెడల్ ఎత్తుగా, గట్టిగా అనిపిస్తుంది; కారు మాత్రం ఆలస్యంగా ఆగుతుంది. సందులు, బేరింగులు, పుష్‌రాడ్ అన్నీ సరిచేశాక కూడా క్యాలిపర్లకు ఆయిల్ చాలడం లేదని లెక్కలో తేలినప్పుడే సిలిండర్ పరిమాణం మార్చాలి.

పెడల్ ఎప్పుడు దిగుతోందన్నది కూడా గమనించదగ్గది. ఉదయం నుంచీ దిగుతుంటే ఇప్పటివరకు చెప్పుకున్న కారణాలు వర్తిస్తాయి. అరకు, శ్రీశైలం, తిరుమల వంటి ఘాట్ రోడ్లు దిగాక మాత్రమే దిగుతుంటే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడి ఉండవచ్చు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ కనీస స్థాయి 155 డిగ్రీలకు పడిపోతుంది. ఎంతోకాలంగా మూత తీసి ఉంచిన డబ్బాలోని ఆయిల్‌ను వాడరాదని చెప్పడానికి కారణం ఇదే. పట్టేసిన బ్రేకులు ఈ ముప్పును రెట్టింపు చేస్తాయి.

ఒకే మార్గం ఉన్న కార్లలో అదనపు జాగ్రత్త

నేటి కార్లలో బ్రేక్ ఆయిల్ రెండు వేర్వేరు మార్గాల్లో ప్రవహిస్తుంది. ఒకటి విఫలమైనా రెండోది కొంతమేరకు కారును ఆపుతుంది. 1950, 60ల నాటి అనేక కార్లలో మార్గం ఒక్కటే. ఒక్క వీల్ సిలిండర్ సీలు చిరిగినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి, మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అందువల్ల డిస్కుల కోసం ఖర్చు చేసేవారు అదే సమయంలో రెండు మార్గాల మాస్టర్ సిలిండర్‌కు మారడం మేలు.

మార్పులకు చట్టపరమైన పరిమితి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2021లో కేంద్రం ప్రకటించిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, గణనీయమైన మార్పులకు లోనుకాని వాహనాలకే వర్తిస్తాయి. బ్రేకుల వ్యవస్థను మార్చే ముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దనూ సంప్రదించడం అవసరం. తీసిన పాత భాగాలను పారవేయకుండా భద్రపరచుకోవడం వివేకం.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. ముంబయి వీధుల్లో ప్రీమియర్ పద్మిని టాక్సీల ప్రస్థానం 2023 అక్టోబరులో ముగిసింది. మిగిలిన కార్లలో కొన్ని ఇప్పుడు అభిమానుల చేతుల్లో ఉన్నాయి. వాటిని నేటి రద్దీలో, నేటి వేగాల మధ్య నడపాలంటే మెరుగైన బ్రేకులు కోరుకోవడం సహజం. అయితే అమర్చడంతో పని పూర్తి కాదు. మరమ్మతు తరువాత జనసంచారం లేని సమతల ప్రదేశంలో తక్కువ వేగంతో పరీక్షించాలి, మలుపులు తిప్పి మళ్లీ పరీక్షించాలి, బ్రేకులు వేడెక్కాక మరోసారి పరీక్షించాలి. మూడుసార్లూ ఒక్క నొక్కుకే, ఒకే ఎత్తులో పెడల్ నిలిచినప్పుడే ఆ కారు రోడ్డెక్కడానికి సిద్ధమైనట్లు.